ఈ చెక్కలో వాసన లేదు

ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేస్తోంది, మూసుకోగానే తీసేస్తోంది. నర్సు తల బయటపెట్టి ఎవరినో పిలుస్తుంది, నన్ను కాదు, ఎవరో లేచి వెళ్తారు, వాళ్ళ వెనక తలుపు దానంతటదే మెల్లగా వచ్చి, చివర్లో ఆగి, ఒక్క ఊపు ఊగి, అప్పుడు పడుతుంది. పైన ఇనుప చెయ్యి బిగించినవాడికి ఓపిక లేదు. మరని ఒక సగం చుట్టు తిప్పితే సరిపోయేది. తలుపు మీద బోర్డు ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, మూడో తరగతితో బడి మానేసినవాడికి అంత పొడుగు మాట ఒక్క గుక్కలో రాదు. పై వరసలో ముక్కు, చెవి, గొంతు అని ఉంది. కింది వరసలో క్యాన్సర్ అని ఉంది. కింది వరస మళ్ళీ చదవాలనిపించలేదు. పోయిన వారం ఈ తలుపు అవతలే నా ముక్కులోంచి చిన్న ముక్క కోసి తీసుకున్నారు. ఆ ముక్క ఏమని చెప్పిందో ఇవాళ చెబుతారు. జన్మంతా చెక్కని ముక్క కోసి చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని పక్కన పడేసినవాణ్ని. ఇప్పుడు నా ముక్క ఎవరి చేతిలోనో ఉంది, వాళ్ళు దాన్ని వెలుతురుకి పెట్టి చూసే ఉంటారు.

అబ్బ, ఈ ఫినాయిలు వాసనకి తల తిరిగిపోతోందండీ, అంది మా ఆవిడ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. నేను తల ఊపాను. ఫినాయిలు ఉందని ఆమె చెబితే నమ్మడమే. గచ్చు తడిగా మెరుస్తోంది కాబట్టి ఉండే ఉంటుంది. కూర్చున్న బల్ల కింద వేళ్ళు పోనిచ్చి తడిమాను, ఇది అలవాటు, ఎక్కడ కూర్చున్నా చెయ్యి కిందికి పోతుంది. పైకి నున్నగా ఉంది కానీ అడుగున రంపం గీతలు అలాగే వదిలేశారు. ఎవరూ చూడని వైపు కూడా ఒక చెయ్యి రుద్దాలి అనేవాడు మా మేస్త్రి. ఎవరు చూస్తారని అడిగితే, చెక్క చూస్తుంది అనేవాడు. మేస్త్రిని తలుచుకోకూడదనుకున్నాను ఇవాళ. ఆయన ముఖం కాదు, చివరి రోజుల్లో ఆ ముఖం అయిన తీరు గుర్తొస్తుంది. కాబట్టి బల్ల గురించి ఆలోచించాను, టేకు కాదు, ఏదో తేలిక జాతి, రంగు పూసి టేకని చూపిస్తున్నారు. ఒకప్పుడైతే కూర్చోకముందే వాసన చెప్పేసేది.

మా బావమరిది గోడకి ఆనుకుని నిలబడి, చెవికి కట్టు కట్టుకున్న ఒక పెద్దమనిషికి నా సంగతి చెబుతున్నాడు. వాడికి ముందూ వెనకా ఎవరో తెలియక్కర్లేదు, వినే చెవి ఒకటి ఉంటే చాలు, ఈయనకి ఒకటే ఉంది పాపం, ఆ ఒక్కదానికీ వదలడం లేదు. మా బావకి కోపం ముక్కు మీద ఉంటుందనుకున్నామండీ ఇన్నాళ్ళూ, లోపలికి పాకిందేమో చూస్తున్నారు అంటున్నాడు. ఆ పెద్దమనిషి నవ్వలేక నవ్వాడు. మా ఆవిడ తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. వాడు చేతులెత్తి, సరే అక్కా, మూసుకున్నా అన్నాడు, మూసుకోలేదు. పని చేసే చోట వాణ్ని వసపిట్ట అంటారు, నన్ను బిరడా అంటారు, ఆ పేరు పెట్టింది కూడా వాడే. సీసా మూతిలో బిరడాలాగా బావ నోట్లో ఏదో అడ్డుపడి ఉంది, పట్టుకుని లాగితే తప్ప మాట రాదు అని. పెళ్ళిలోనే మొదలుపెట్టాడు. వాడి అక్కని చేసుకున్నప్పుడు వాడికి మీసాలు కూడా రాలేదు, మరుసటేడు పనిలో చేరి నా పక్క బల్ల పట్టుకున్నాడు, ఇద్దరం అలాగే ముసలివాళ్ళమయ్యాం, నా మాటలు కూడా వాడే మాట్లాడేస్తూ.

నా పని కోతా అతుకూ. వాడిది రుద్దుడు. ముందు ఉప్పుకాగితంతో చేత్తో రుద్దేవాడు, తరవాత మెషీను వచ్చింది, మెషీను వచ్చాక పొట్టు పొట్టులా ఉండేది కాదు, పొగలాగా లేచేది. కిటికీలోంచి ఎండ పడితే ఆ పట్టాలో అది తేలుతూ ఉండేది, కిందికి దిగేది కాదు, దిగడానికి దానికి బరువేదీ. కనురెప్పల మీద, చెవి వెనక, మంచినీళ్ళ గ్లాసులో. సాయంత్రం వాడు ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబెట్టి నెత్తిన ఒక్కటి వేసేది, తల మీంచి దుమ్ము మేఘం లేచేది, వాడు తుమ్మేవాడు, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంకోటి వెయ్యమ్మా అత్తా అని వాడి కూతురు అడిగేది. అందరం నవ్వేవాళ్ళం. నవ్వాల్సిన విషయమే అది అప్పట్లో. ముక్కు చీదితే ఏ చెక్క పని జరుగుతోందో రుమాలు చెప్పేది, ఎర్రగా వస్తే ఒకటి, పచ్చగా వస్తే ఇంకొకటి. పోయిన చలికాలం నాకు ఎర్రగా వచ్చింది, ఎర్ర చెక్క పనేదీ లేదు అప్పుడు. ఒక్క కుడి వైపే. వేడి చేసింది అంది మా ఆవిడ. వేడి చేసిందన్నాను నేను కూడా. తగ్గింది, మళ్ళీ వచ్చింది, దిండు మీద రూపాయంత మరక, ఆమె గలీబు తిరగేసి వేసింది. ఆ వైపు ఊపిరి ఆడకపోవడం జలుబన్నాం. ఒక వైపే ఉండే జలుబు ఏమిటని ఎవరం అనుకోలేదు. తలుపు ఒక్క వైపే పట్టేస్తుంటే బందు చూస్తాను కదా నేను, గోడ చూస్తాను, గుమ్మం ఒరిగిందేమో చూస్తాను. మనిషి విషయంలో జలుబు అనేసి ఊరుకున్నాను.

మళ్ళీ తలుపు. మా ఆవిడ చెయ్యి. నేను కాదు. బిడ్డనెత్తుకున్న తల్లి లేచింది, ఆ బిడ్డకి ఏమిటో, చెవి నొప్పే అయ్యుండాలి, చెవి నొప్పే అయ్యుండాలి.

జేబులో వేళ్ళు పెట్టాను. దేవదారు పొర ఉంది, చిత్రిక పట్టినప్పుడు ఉంగరంలా చుట్టుకుని వచ్చిన పొర, ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఎందుకు వేసుకున్నానో. మేస్త్రి నేర్పిన పద్ధతి అది. కలప ఏదైనా సరే, కొయ్యకముందు ఒక్క పొర తియ్యాలి, అరచేతిలో నలపాలి, రెండు చేతులూ దోసిలి పట్టి ముఖం అందులో ముంచి పీల్చాలి. చేవ ఉందో లేదో, లోపల తడి ఉందో, నడుమ కుళ్ళు మొదలైందో, అంతా ముక్కుకి తెలుస్తుంది, కంటికి తెలియకముందే తెలుస్తుంది. కన్ను మోసపోతుందిరా, రంగు పూస్తే కన్ను పడిపోతుంది, ముక్కుకి ఎవడూ రంగు పూయలేడు అనేవాడు. మూతికి గుడ్డ కట్టుకుని పని చేస్తే ఊరుకునేవాడు కాదు. ముక్కు కట్టుకున్న వడ్రంగీ కళ్ళు కట్టుకున్న మంగలీ ఒకటే, నా పీక నీకు అప్పగించను పో అనేవాడు. పొగ తాగేవాణ్ని లోపలికి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు, పొరలు అంటుకుంటాయని. అందుకని మేమెవరం పొగ తాగలేదు. మన ఊపిరితిత్తులు కడిగిన గాజు గ్లాసులురా అని గొప్పగా చెప్పుకునేవాళ్ళం, ఆ ఎండ పట్టాలో నిలబడి.

మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టరమ్మ అడిగింది, పొగ తాగుతారా, మందు అలవాటుందా, పొగాకు నములుతారా. ఏదీ లేదంది మా ఆవిడ, నా తరఫున, కాస్త గట్టిగానే. మరేం పని చేస్తారు అంది ఆవిడ. వడ్రంగం. ఆ మాట వినగానే రాస్తున్న చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూసింది, నన్ను కాదు, ముక్కు కుడి పక్కన కంటి కింద చూసింది. అక్కడ నొక్కి, నొప్పుందా అని అడిగింది. లేదన్నాను. సన్నని గొట్టం చివర దీపం పెట్టి లోపలికి పోనిచ్చారు, బల్ల సొరుగు అడుగున దీపం పెట్టి చూసినట్టు, ఎవరూ చూడని వైపు. అప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఆ చెయ్యి ఆగినప్పుడు వేసింది.

అసలు ఇక్కడిదాకా రావడం మొదలైంది కలప అడితిలో. అదీ నేననుకున్నట్టు కాదు. కొన్నాళ్ళుగా వచ్చే కలప మీద నాకు మనసు కుదరడం లేదు, ఏ దుంగ తీసుకున్నా చప్పగా ఉంటోంది, పొర నలిపి దోసిలి పడితే కాగితం వాసన చూసినట్టుంది. అడితి అతను మంచివాడే, తండ్రి కాలం నుంచి ఎరుగుదుం, అయినా ఆ రోజు అతనితో తగువు పెట్టుకున్నాను. నేను తగువు పెట్టుకోవడం చూడ్డానికి కూలీలు కూడా పని ఆపి వచ్చారు. తోటల్లో ఎరువులేసి పెంచిన కలప తెచ్చి అడివి కలపంటున్నావు అన్నాను. ఈ చెక్కలో వాసన లేదు అన్నాను. అతను దేవదారు పలకని చెంపకి ఆనించుకుని, ఏమిటి మేస్త్రీ, ఘుమఘుమలాడిపోతుంటేనూ అన్నాడు. మా బావమరిది వైపు తిరిగి నువ్వు చెప్పవయ్యా అన్నాడు. వాడు ఒక పొర తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, బావ చెప్పింది నిజమే, వాసన లేదు అన్నాడు. ఆ మాటతో నాకు బలం వచ్చింది. ఇద్దరం సరుకు దింపకుండానే వెనక్కి వచ్చేశాం.

వచ్చే దారిలో ఆ మాట నా నోట్లోనే తిరుగుతోంది. ఈ చెక్కలో వాసన లేదు. నాది కాదనిపించింది ఆ గొంతు. నా నోట్లోంచే వచ్చింది గానీ ఎప్పుడో విన్న గొంతు, బొంగురుగా, ముక్కుతో మాట్లాడినట్టు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను. మేస్త్రి. పోయే ముందు ఏడాది ఏ చెక్క ముట్టుకున్నా అదే మాట అనేవాడు, విసిరి కొట్టేవాడు, ఇందులో వాసన లేదు, దీనిలో పస లేదు, దేవుడు చెట్లు చెయ్యడం మర్చిపోయాడు అని. ముసలాయన చాదస్తం అని మేమంతా తలలూపి వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్ళం. తరవాత కుడి పై పన్ను నొప్పన్నాడు, తీయించుకున్నాడు. నొప్పి పోలేదు, పక్క పన్ను తీయించుకున్నాడు. ఆ వరసలో ఒకటొకటిగా అన్నీ తీయించుకున్నాడు, పళ్ళ డాక్టరు కూడా ఇక తియ్యడానికేమీ లేదు వెళ్ళమన్నాడు. అప్పుడు కంటి కింద వాచింది. తరవాత కన్ను పైకి జరిగింది, గుమ్మంలోంచి తలుపు తోసుకొచ్చినట్టు కన్ను ముందుకి వచ్చింది, ఒక్క కన్నుతో మమ్మల్ని చూస్తూ రెండో దానితో గోడని చూసేవాడు. పన్ను చీము తలకెక్కిందన్నారు. అదే అనుకుని పాడె కట్టాం, పాడె నేనే కట్టాను, మంచి చెక్కే వేశాను, కింది వైపు కూడా రుద్దాను.

మా బావమరిది ముందు వెళ్ళిపోతూ ఏదో చెబుతున్నాడు, నేను రోడ్డు పక్కన నిలబడి, చొక్కా జేబులో మిగిలిన పొర తీసి, ఎడమ ముక్కు మూసుకుని పీల్చాను. ఏమీ లేదు. కుడి ముక్కు మూసుకుని పీల్చాను. లీలగా ఉంది, గోడ అవతల ఎవరో వంట చేస్తున్నట్టు, కానీ ఉంది. దేవదారే. చెక్కలో వాసన ఉంది. ఇంటికెళ్ళి, మా ఆవిడ చేట పట్టుకుని నిలబడి ఉంటే, రేపు ఆస్పత్రికి వెళ్దాం అన్నాను. చేట జారిపోయింది చేతిలోంచి. మా కాపురంలో ఆస్పత్రి మాట నా నోట రావడం అదే మొదలు, చెయ్యి తెగినప్పుడు కూడా ఆమే లాక్కెళ్ళింది. ఎందుకని అడగలేదు ఆమె. కింద పడ్డ గింజలు ఏరుతూ ఉండిపోయింది, ఏరడం అయిపోయాక కూడా.

ఒక్కటే అడిగింది, నిన్న, అన్నం దగ్గర. కన్ను తీసేస్తారా అని. మేస్త్రి శవం చూడ్డానికి ఆమె కూడా వచ్చింది అప్పుడు, కొత్త కోడలు. నేను తెలియదన్నాను. తీసేస్తే మాత్రం ఏమైంది, ఇద్దరికీ కలిపి మూడు ఉంటాయి కదా అంది. అని లేచి వెళ్ళి పంపు తిప్పింది, గిన్నెలేమీ లేకుండానే నీళ్ళు వదిలేసి నిలబడింది. నాకు కన్ను గురించి కాదు భయం. ముక్కలో ఏముందో అది ఎంత దూరం పోయిందో అన్నదే. చెదలు చూశాను నేను, పైకి చిటికెడు మట్టి కనబడుతుంది, తలుపు రెక్క విప్పి చూస్తే లోపల పుల్ల కూడా మిగలదు. కొన్నిసార్లు చిటికెడే ఉంటుంది, ఆ మేరకి కోసేసి కొత్త ముక్క అతికిస్తే తలుపు మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. చిటికెడా, రెక్కంతానా. ఆ తలుపు అవతల కాగితంలో రాసి ఉంది, ఆ ఊపు ఊగి పడే తలుపు.

ఈసారి నన్నే పిలిచారు. మా ఆవిడ చెయ్యి మోకాలి మీంచి తీయలేదు, నేను లేస్తే అలాగే లేచింది. బావమరిది కూడా రాబోతే, ముగ్గురు వద్దంది నర్సు. వాడు బయటే ఉండిపోయాడు, లోపలికి వాడి గొంతు వినిపిస్తూనే ఉంది.

డాక్టరమ్మ కూర్చోమంది. ఆవిడ చెప్పినదంతా వరసగా గుర్తులేదు, మాటలు ముందూ వెనకా అయిపోయి వచ్చాయి. క్యాన్సరే అంది. అది ముందు చెప్పింది, మంచిది, మర తిప్పినట్టు తిన్నగా చెప్పింది. ఎముకకి అంటలేదు, కంటి వైపు పోలేదు, మొదట్లోనే దొరికింది అని తరవాత చెప్పింది. ముఖం కొయ్యక్కర్లేదు, ముక్కులోంచే గొట్టం పోనిచ్చి తీసేస్తారు, తరవాత కొన్నాళ్ళు కరెంటు పెట్టాల్సి రావచ్చు, ఆ పైన ఎప్పటికప్పుడు వచ్చి చూపించుకోవాలి, బతికినన్నాళ్ళూ. బతికినన్నాళ్ళూ అన్న మాట దగ్గర మా ఆవిడకి ఏడుపొచ్చింది, ఎంతో మంచి మాట విన్నట్టు. ఆ వైపు వాసన మటుకు తిరిగి రాకపోవచ్చంది. గుడ్డిలో మెల్ల అనుకున్నాను. ఎందుకొచ్చిందండీ, ఏ అలవాటూ లేని మనిషికి అని మా ఆవిడ అడిగింది. చెక్క పొడి అంది ఆవిడ. రుద్దినప్పుడు లేచే సన్న పొడి ముక్కు పైభాగంలో, ఇక్కడ, కంటి లోపలి మూల దగ్గర చేరుతుందిట, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుందిట. అందరికీ రాదు, వచ్చేవాళ్ళకి పని మొదలుపెట్టిన ఎన్నో ఏళ్ళకి వస్తుంది, పని మానేశాక కూడా రావచ్చు. ముక్కుకి సరైన అడ్డు పెట్టుకుని, పొడిని లాగేసే మెషీను పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. దోసిలి పట్టి ముఖం ముంచడం గురించి నేను ఆవిడకి చెప్పలేదు.

సాధారణంగా కన్ను పొడుచుకొచ్చాక వస్తారు, మీరు ఇంత ముందు ఎలా వచ్చారు అంది.

"మా మేస్త్రి చెప్పాడు," అన్నాను.

"మంచిపని చేశారు. ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి, చూస్తాను."

నేను గచ్చు వైపు చూశాను. ఆయన పోయారండీ, చాలా ఏళ్ళయింది అంది మా ఆవిడ. డాక్టరమ్మ కలం మూత పెట్టి మళ్ళీ తీసింది.

"మరి ఇప్పుడు మీతో ఆ పొడిలో ఇంకెవరు పనిచేస్తున్నారు?"

బయట మా బావమరిది ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు. మా ఆవిడ తల తలుపు వైపు తిరిగింది. నా తల తిరగలేదు. నేను అడితిలో ఉన్నాను. దేవదారు పలక, చెంపకి ఆనించుకున్న అడితి అతను, పక్కన వీడు. నేను తూర్పంటే పడమరనే మనిషి, ఎండగా ఉందంటే మబ్బుందని చూపించే మనిషి, టేకు మంచిదంటే కొమ్మ దగ్గరిది అని పేచీ పెట్టే మనిషి, అన్నేళ్ళలో నా మాటకి ఔననని మనిషి, పొర ముక్కు దగ్గర పెట్టుకుని, బావ చెప్పింది నిజమే అన్నాడు. చెక్కలో వాసన ఉంది కదా ఆ రోజు.

బయటికి వచ్చాం. వాడు ఎదురొచ్చి, ఏమన్నారు బావా, బిరడా తీశారా, అన్నాడు. మొదట్లోనే దొరికిందిరా, బాగవుతుందిట అంది వాడి అక్క, కళ్ళు తుడుచుకుంటూ. వాడు నన్ను కౌగిలించుకున్నాడు, నా చొక్కా అంతా వాడి చేతుల్లోకి వచ్చేట్టు, నేను చెప్పలేదా, మా బావ ముక్కుకి నూరేళ్ళు అని చెవికట్టు పెద్దమనిషికి కూడా వినిపించాడు. నేను వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టాను. జేబులోంచి పొర తీశాను.

"కళ్ళు మూసుకో."

"ఏంటి బావా, గారడీనా?"

"మూసుకో."

మూసుకున్నాడు. ఒక వైపు ముక్కు నా బొటనవేలితో మూశాను. పొర పెట్టాను. ఉంది బావా, దేవదారు అన్నాడు. వాడికి జేబులోంచి తీయడం కనబడింది కాబట్టి దేవదారని తెలుసు. రెండో వైపు మూశాను. పొర ఉన్న కుడి చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి, పొర ముట్టుకోని చెయ్యి, బొటనవేలు తీయకుండానే రెండు వేళ్ళు కలిపి, ఏదో పట్టుకున్నట్టు వాడి ముక్కు కింద పెట్టాను.

వాడు గట్టిగా పీల్చాడు. గుండె నిండా పీల్చాడు.

"ఉంది బావా. ఘుమఘుమలాడుతోంది."

నేను చెయ్యి తీయలేదు. వాడు కళ్ళు తెరవలేదు. బొటనవేలి కింద వాడి ముక్కు అదురుతోంది. వాడు మాట్లాడకుండా ఉంటే వరండా అంత పొడుగుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాను.

"అక్కకి చెప్పకు బావా."

చెప్పను అన్నాను. తలెత్తి చూశాను. వాడి అక్క అప్పటికే కొత్త రోగులకి చీటీలిచ్చే కిటికీ ముందు వరసలో నిలబడి ఉంది.